పద్దెనిమిదో స్లైడు

నవంబరు 11, ఉదయం

మా అమ్మాయి అమ్మలు పరిశోధన పేపరుని కాన్ఫరెన్సుకి తీసుకున్నారు. పోస్టరు కాదు, ఓరల్.

మళ్లీ ఒకసారి రాసుకుంటాను, చేతికి తృప్తిగా ఉంటుంది. ఓరల్.

ఫోను పెట్టేశాక కాళ్లు ఒకచోట నిలవలేదు. ముందు గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి ముందు గదిలోకి తిరిగాను. మా ఆవిడ కూరగాయలు తరుగుతూ, ఇందాకటి నుంచీ అయిదుసార్లు చెప్పారు, ఆరోసారి చెప్పే ముందు కాస్త ఆ గిన్నె అందించండి అంది. గిన్నె అందించాను. ఆరోసారి చెప్పాను. ఓరల్‌కీ పోస్టరుకీ తేడా ఏమిటో తెలుసా అని అడిగాను. తెలీదు అంటే చెప్పాలని. పోస్టరంటే కారిడార్లో బోర్డుకి కాగితం అంటించి, దాని పక్కన అద్దెకిచ్చే ఇంటి ఓనరులా నిలబడాలి. దారిన పోయేవాళ్ల మొహాల్లోకి చూస్తూ. ఓరల్ అంటే స్టేజీ, మైకు, పన్నెండు నిమిషాల పాటు హాలంతా మన వైపే చూడటం.

ఏ స్టేజీ? అదీ సంగతి. ఇరవై తొమ్మిదేళ్లు నేను గుడ్డ పెట్టి తుడిచిన స్టేజీ.

నవంబరు 11, సాయంత్రం

నిద్ర పట్టేలా లేదని ఇప్పుడే తెలుస్తోంది. రాయడమే నయం. ఈ డైరీ కూడా ఏదో కాన్ఫరెన్సు సంచిలో మిగిలిందే. అట్ట మీద గుండ్రటి ముద్ర, లోపల ఎప్పటివో తేదీలు. కొట్టేసి మనవి రాసుకుంటున్నాను. మా ఇంట్లో పెన్నులు, ఫోల్డర్లు, గొడుగు, ఆఖరికి మంచినీళ్ల సీసా కూడా ఏదో ఒక సదస్సు వాళ్లవే.

ఎనిమిదో క్లాసు చదివినవాణ్ణి. సెమినార్ హాల్లో అటెండరుగా చేరాను. కుర్చీలు వెయ్యడం, మైకులు చూడటం, స్లైడ్ల ట్రే తిప్పడం, గంట కొట్టడం. వినడానికి చిన్న పనే. కానీ కాన్ఫరెన్సు అనేది ఎలా నడుస్తుందో నాకు తెలిసినట్టు ఏ ప్రొఫెసరుకీ తెలీదు. మొదటి వరసలో ఎవరూ కూర్చోరు. భోజనం తర్వాత సెషన్‌లో ఫ్యాను రెండు పాయింట్లు పెంచకపోతే గురకలు వినపడతాయి. ప్రశ్న అడుగుతానని లేచి తన పేపరే మొదటి నుంచీ చెప్పుకునేవాడు ప్రతి సెషన్‌కీ ఒకడుంటాడు. స్టేజీ మీద పోట్లాడుకున్న ఇద్దరూ టీ దగ్గర ఒకరి కప్పులో ఒకరు చక్కెర వేసుకుంటారు. అసలు పని జరిగేది ఆ టీ దగ్గరే.

ఇక గంట. ఇత్తడిది, గుప్పిట్లో పడుతుంది. పది నిమిషాలకి ఒకసారి కొడితే ముగించుకోమని. పన్నెండుకి రెండుసార్లు కొడితే చాలని. అయినా ఆపకపోతే ఆపేదాకా కొట్టడమే. ఎంత పెద్ద ఆచార్యుడైనా ఆ గంట దగ్గర స్కూలు పిల్లాడే. రిటైరైన రోజు దాన్ని నాకే ఇచ్చేశారు. పద్నాలుగేళ్లుగా మా షెల్ఫు మీద ఉంది. భోజనానికి పిలవాలంటే ఆవిడ దాన్నే వాడుతుంది. రెండుసార్లు కొట్టిందంటే చల్లారిపోతోందని అర్థం.

నవంబరు 19

ఇవాళ మందుల షాపాయనకి చెప్పాను. బస్సులో పక్క సీటాయనకి చెప్పాను. రాంగ్ నంబరు ఫోను వస్తే వాళ్లకీ చెప్పాను.

డిసెంబరు 2

ప్రోగ్రాం వచ్చింది. అమ్మలు ఫోనులో పంపింది. కళ్లజోడు పెట్టుకుని, పెద్దది చేసుకుని చూశాను.

మూడో రోజు. ఆఖరి సెషన్. ఆఖరి పేపరు. సాయంత్రం 4:40.

అమ్మలు సంతోషంగానే ఉంది. నేనే ఫోను పక్కన పెట్టేశాను. మూడో రోజు మధ్యాహ్నం భోజనమయ్యాక ఏం జరుగుతుందో నాకు తెలుసు కదా. సూట్‌కేసుల చక్రాల చప్పుడు. సర్టిఫికెట్లు తీసుకుని జారుకోవడం. ఆఖరి పేపరుకి హాల్లో చైర్‌పర్సన్, నేను, పేరు పిలుస్తారని భయపడి కూర్చున్న ఇద్దరు స్టూడెంట్లు. అలా ఖాళీ కుర్చీలకి పేపరు చదివి, ఖాళీ కుర్చీలకే థాంక్స్ చెప్పి దిగిపోయిన పిల్లలని ఎంతమందిని చూశానో. ఒకమ్మాయి కోసం నేనొక్కణ్ణే చప్పట్లు కొట్టాను ఒకసారి.

మా పిల్లకి అలా కానివ్వను.

ఇంకో సంగతి ఉంది. ప్లీనరీ, అంటే అందరి కోసం పెట్టే పెద్ద ఉపన్యాసం, ఎవరిదా అని చూశాను. పొడుగాయన. ఫొటోలో జుట్టంతా తెల్లబడింది గానీ ఆ మెడ అదే, ఆ చూపు అదే.

డిసెంబరు 3

పొడుగాయన గురించి రాద్దామని కూర్చున్నాను. పెన్నులో ఇంకు లేదని లేచాను. పెన్నులో ఇంకు ఉంది.

డిసెంబరు 6

ఇవాళ రాసేస్తాను. ఎవరు చూడొచ్చారు.

ఇరవై ఆరేళ్ల కిందట. ఇదే కాన్ఫరెన్సు, ఇదే హాలు. పొడుగాయన అప్పటికే పేరున్న మనిషి. ఇసుక మీద పరిశోధన. ఇసుక కుప్పలు ఎలా నిలబడతాయి, ఎందుకు జారిపోతాయి, లోపల బరువు ఎటు పోతుంది, ఇదీ ఆయన గొడవ. ట్రేలో పద్దెనిమిది స్లైడ్లు పెట్టిచ్చారు, అప్పట్లో స్లైడంటే చిన్న చట్రంలో బిగించిన ఫిల్ము ముక్క. ఒక్కో స్లైడు దగ్గర ఇల్లు కట్టుకుని కాపురం పెట్టినట్టు ఆగిపోయేవారు. పది నిమిషాలకి కొట్టాను. పన్నెండుకి రెండు కొట్టాను. పదిహేడో స్లైడు దగ్గరున్నారు. ఇంకొక్కటే, అదే ముఖ్యం అని చెయ్యెత్తారు. చైర్మన్ నా వైపు చూసి తల ఊపాడు. కొట్టాను. కొడుతూనే ఉన్నాను. హాల్లో నవ్వులు మొదలయ్యాయి. ఆయన రిమోటు పట్టుకుని అలాగే నిలబడ్డారు. లేచి హాలు లైట్లు వేసేశాను.

ఆ మధ్యాహ్నం ఎంత పొగరుగా తిరిగానో నాకే గుర్తు. అంతటివాణ్ణి ఆపాను అని క్యాంటీన్లో ఇద్దరికి చెప్పుకున్నాను కూడా.

సాయంత్రం ట్రే ఖాళీ చేస్తుంటే పద్దెనిమిదో గడిలో స్లైడు ఉండిపోయింది. మూలన ఎర్ర పెన్సిలుతో 18 అని రాసి ఉంది. మరిచిపోయిన సామాన్ల డబ్బాలో వేశాను. ఆ డబ్బాలో లేనిదేముంది. కళ్లజోళ్లు, పెన్ను మూతలు, ఒకసారి ఒక పెట్టుడు పళ్ల సెట్టు.

మా ఆవిడకి అప్పట్లో టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆరింటిదాకా డ్యూటీ. అమ్మలు స్కూలు కాగానే నా దగ్గరికే వచ్చేది. అప్పుడు దానికి ఏడేళ్లు. కారిడార్లో నిప్పంటుకుంటే చల్లడానికని ఎర్ర బకెట్లలో ఇసుక ఉండేది. అదే దాని ఆటస్థలం. పాత ప్రోగ్రాం కాగితాలు పొట్లంలా చుట్టి, కింద చిల్లు చేసి ఇసుక పోసేది. క్యాంటీన్లో టీ వడపోసే జల్లెడ తెచ్చి దాంట్లోంచీ పోసేది. లోపల పెద్దవాళ్లు ఇసుక గురించి మాట్లాడుతుంటే బయట ఇది ఇసుకతో ఆడుకునేది. ఎవరికి ఎక్కువ తెలిసిందో చెప్పలేం.

డబ్బాలో ఆ స్లైడు దానికి కంటబడింది. కిటికీకి ఎత్తి చూసింది. గాజు పెట్టెలో ఇసుక కొండ. కొండ కింద, సరిగ్గా శిఖరానికి అడుగున, తెల్లటి గీత ఒకటి కిందికి దిగి గుంటలా వంగింది. పక్కన చేత్తో రాసిన ప్రశ్నార్థకం. నాన్నా, కొండ కింద గుంట ఎందుకుంది అని అడిగింది. నాకేం తెలుసు. నువ్వే పెద్దయ్యాక చెప్పు అన్నాను. నోటికొచ్చింది అనేశాను. స్లైడు దాంతోపాటే ఇంటికి వచ్చేసింది.

మూడు నెలలకి ఉత్తరం వచ్చింది. నా పద్దెనిమిదో స్లైడు అక్కడ ఉండిపోయినట్టుంది, ఫిల్ము పాడైంది, మరో కాపీ లేదు, దయచేసి వెతికించండి అని. సూపరింటెండెంటు దాని మీద వెతికి తెలుపుము అని రాసి నాకు పంపాడు.

ఇంటికి వెళ్లాను తెద్దామని. అమ్మలుకి ఆటలమ్మ పోసి పదో రోజు. ఒళ్లంతా మచ్చలు. బయటికి పోనివ్వం, ఎవరినీ రానివ్వం. మంచం కిటికీ పక్కకి లాగించుకుని, ఆ స్లైడుని అద్దానికి అంటించుకుంది. ఎండ పడితే దుప్పటి మీద ఆ కొండ చిన్న రంగు మచ్చలా పడేది. దాని మీద చెయ్యి పెట్టి పడుకుంది. నన్ను చూసి, కొండ ఇవాళ నా మోకాలి దాకా వచ్చింది నాన్నా అంది.

తీసుకోలేకపోయాను. వచ్చే వారం తీసుకుందాంలే అనుకున్నాను. ఆఫీసుకెళ్లి రిజిస్టర్లో రాశాను. వెతికాం. దొరకలేదు.

ఆ వచ్చే వారం ఇంకా రాలేదు.

డిసెంబరు 14

అమ్మలు రెండు రోజుల సెలవు మీద వచ్చింది. ఇల్లంతా కాంతి. ప్రాక్టీసు చేస్తానంది. ముందు గదిలో సోఫా జరిపి స్టేజీ చేశాం. ఆవిడ ప్రేక్షకురాలు. నేను గంట.

మొదటిసారి పదిహేడు నిమిషాలు పట్టింది. గంట కొట్టాను. అమ్మలు నా వైపు గుర్రుగా చూసింది. సొంత కూతురికి కూడా కొడతారా అంది ఆవిడ. సొంత కూతురికి కాబట్టే ఇంట్లో కొడుతున్నాను, అక్కడ పరువు పోకుండా అన్నాను. రెండోసారి పద్నాలుగు. సాయంత్రానికి పదకొండున్నర. ప్రశ్న అడగమంటే మా ఆవిడ లేచి, ఇదంతా అయ్యాక పెళ్లి సంగతి ఆలోచిస్తావా అని అడిగింది. అది ప్రశ్న కాదు కామెంటు, చైర్ అనుమతించదు అన్నాను. ముగ్గురం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం.

పేపరు సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పింది. వంటింట్లోంచి రవ్వ తెచ్చి, గరాటులోంచి ఒక కుప్ప పోసింది. జల్లెడలోంచి ఇంకో కుప్ప పోసింది. రెండూ ఒకే ఎత్తు, ఒకే వాలు. పైకి కవలపిల్లలు. కానీ అడుగున బరువు తూచి చూస్తే వేరట. గరాటు కుప్పకి శిఖరం కింద, ఎక్కడైతే ఎక్కువ బరువుండాలో అక్కడే, తక్కువుంటుందట. చిన్నప్పుడు స్లైడులో చూసిన గుంట అదేనట. జల్లెడ కుప్పకి అలా ఉండదట. అంటే కుప్పకి తనని ఎలా పోశారో గుర్తుంటుంది నాన్నా అంది. పొడుగాయన పాత పేపరులో కుప్పలన్నీ ఒకటే అన్నారట. అది సగమే నిజమని మా పిల్ల అంటోంది. ఆ రంగంలో ఆయన మాటంటే మాట. ఆయన ఔనంటే దీని దారి తెరుచుకుంటుంది. కాదంటే ఇంకో పదేళ్లు ఎవరూ దీన్ని పట్టించుకోరు. అసలు ఆయన 4:40 దాకా ఉంటారా అన్నదే దాని దిగులు.

నా దిగులు వేరే. చెబుదామని నోరు తెరిచాను. రవ్వ ఎత్తడానికి చీపురు తెమ్మంది. తెచ్చాను.

డిసెంబరు 15

బస్సెక్కించి వచ్చాను. చెప్పలేదు.

జనవరి 8

హాలుకి వెళ్లాను. లోపలికి అడుగు పెడితే అదే వాసన, తివాచీ, ఫినాయిలు, కాలిన బల్బు. బల్బులు మారాయి, ప్రొజెక్టర్ ఇప్పుడు పైకప్పుకి వేలాడుతోంది, అయినా ఆ వాసన ఎక్కణ్ణించి వస్తుందో. ఎర్ర బకెట్లు తీసేశారు. గోడకి కొక్కేలు మాత్రం అలాగే ఉన్నాయి. ఒక కొక్కేన్ని కాసేపు పట్టుకు నిలబడ్డాను.

ఇప్పటి ఇన్‌ఛార్జ్ నా దగ్గర పని నేర్చుకున్న మనిషే. ఇప్పుడు ఆమెకీ కళ్లజోడొచ్చింది. కుర్చీ వేసి కాఫీ తెప్పించింది. గురువుగారూ, రండి రండి అంటూనే, మీ అమ్మాయిని ఆఖర్లో వేసింది నేను కాదండోయ్, కమిటీ వాళ్లు అని ముందే చేతులు దులుపుకుంది. నేను నవ్వి, ఆఖరి సెషన్‌ని నిలబెట్టే కిటుకులు నీకు చెప్పలేదు కదూ అన్నాను.

వెనక తొమ్మిది వరసలకీ తాడు కట్టించెయ్. అందరూ ముందుకే వస్తారు. నలభై మంది ఉన్నా నిండుగా కనిపిస్తుంది. టీ సెషన్‌కి ముందు కాదు, తర్వాత పెట్టు. అన్నిటికన్నా ముఖ్యం సామాన్లు. లగేజీ గదిలో పెట్టిస్తే తీసుకుని అటునుంచి అటే పోతారు. హాల్లోపలే, స్టేజీకి కుడిపక్క గోడ వారన పెట్టించు. పెట్టె కోసం లోపలికొచ్చి, మాట్లాడేవాళ్ల ముందు నుంచి పెట్టె లాక్కుపోవడానికి మొహం చెల్లక కూర్చుండిపోతారు.

ఆమె అన్నీ రాసుకుంది. రాసుకుని, ఇప్పుడు టైము స్క్రీను మీద వస్తోంది, ఎర్రగా మెరుస్తుంది, ఒక్కడూ లెక్కచెయ్యడు, ఆఖరి సెషన్‌కి మీరే వచ్చి ఆ గంట కొట్టకూడదా అని అడిగింది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. టైమ్‌కీపర్ టేబులు ఉండేది స్టేజీ కిందే, అందరి కళ్ల ముందు. వెనక వరసల్లో దాక్కుందామన్నా లేవు. తాడు కట్టించింది నేనే.

జనవరి 17

ఇవాళ చెప్పేశాను. కాన్ఫరెన్సుకని అమ్మలు పొద్దున వచ్చింది. ముందు ఆవిడకి చెప్పాను, నిన్నటి నుంచీ ఒకటే పోరు. ఇరవై తొమ్మిదేళ్లు ఊళ్లోవాళ్లందరికీ టైమైపోయిందని గంట కొట్టారు, మీ టైము సంగతేమిటి అని.

కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. ఆ స్లైడు పొడుగాయనదే అన్నాను. అమ్మలు నవ్వి, తెలుసు నాన్నా అంది. ఎమ్మెస్సీలోనే తెలిసిందట. ఆయన పుస్తకంలో ఫొటోల్లో అదే గాజు పెట్టె, అదే పగిలిన మూల. ఎవరో మరిచిపోయింది మనకి దొరికింది, అంతేగా అంది. పర్సులోంచి తీసి టేబులు మీద పెట్టింది కూడా. అంచులు అరిగిపోయాయి.

అప్పుడు ఉత్తరం సంగతి చెప్పాను. రిజిస్టరు సంగతి చెప్పాను.

అమ్మలు కప్పు కింద పెట్టింది. చాలాసేపు స్లైడునే చూసింది.

"ఆయన అడిగారా?"

అడిగారన్నాను. అంతే అడిగింది. లేచి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. మధ్యాహ్నం భోజనానికి ఆవిడ గంట రెండుసార్లు కొట్టినా రాలేదు. నాలుగింటికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. మొదటి స్లైడు మారుస్తున్నాను అంది. స్లైడు నా చేతిలో పెట్టి, ఇది మీరే ఇవ్వాలి, నేను కాదు అంది. ఎప్పుడూ నువ్వు అనే పిల్ల మీరు అంది.

జనవరి 19

మొదటి రోజు. బ్యాడ్జీ ఇచ్చారు నాకు. ఇన్నేళ్లలో వేల బ్యాడ్జీలు తాళ్లకి గుచ్చాను, నా మెడలో పడటం ఇదే మొదలు. గెస్ట్ అని రాసి ఉంది. ఇంటికొచ్చాక కూడా తియ్యలేదు. ఆవిడ చూసి, గెస్టుగారూ కాళ్లు కడుక్కోండి అంది.

పొడుగాయన ప్లీనరీ యాభై నిమిషాలన్నారు, డెబ్భై మాట్లాడారు. స్క్రీను ఎర్రగా మెరుస్తూనే ఉంది. మనిషి మారలేదు. ఎందుకో సంతోషమేసింది.

టీ దగ్గర ఆయనకి మూడడుగుల దూరంలో నిలబడ్డాను. జేబులో స్లైడు. చుట్టూ జనం. కప్పు ఖాళీ అయింది, ఇంకో కప్పు తీసుకున్నాను.

జనవరి 20

ఇవాళా ఇవ్వలేదు. అమ్మలు అడగలేదు. అడిగితే బాగుండేది.

జనవరి 21, సాయంత్రం 7:30

అన్నీ వరసగా రాయాలి, ఒక్కటీ పోకూడదు.

నాలుగింటికి హాల్లో తలలు లెక్కపెట్టాను. యాభై మూడు. ఆఖరి సెషన్‌కి యాభై మూడు. తాళ్లు కట్టారు, పెట్టెలు గోడ వారన వరసగా ఉన్నాయి. ఒకాయన పెట్టె కోసం వచ్చి, స్టేజీ మీద మనిషిని చూసి, దొంగలా కూర్చున్నాడు. ఇన్‌ఛార్జ్ నా వైపు చూసి కన్నుగీటింది. పొడుగాయన రెండో వరసలో, చివరి కుర్చీలో. పక్కనే ఆయన పెట్టె. ఆరున్నరకి రైలట.

4:40. చైర్‌పర్సన్ అమ్మలు పేరు పిలిచింది. మా పిల్ల మెట్లెక్కింది. ఆ మెట్లలో మూడోది కాస్త ఎత్తు, ఎంతమంది తట్టుకున్నారో అక్కడ. అది తట్టుకోలేదు. ఏడేళ్ల వయసు నుంచీ తెలుసు కదా.

మొదటి స్లైడు వేసింది. తెర నిండా ఆ పాత స్లైడు ఫొటోనే. అరిగిన అంచులు, ఎర్ర పెన్సిలు 18.

"ఈ బొమ్మ ఇరవై ఆరేళ్ల క్రితం ఈ హాల్లోనే పడాల్సింది. టైమైపోయిందని పడలేదు. ఆ రోజు గంట కొట్టినాయన మా నాన్న. ఇవాళ కూడా ఆయనే కొడతారు, నన్నేమీ వదిలిపెట్టరు."

హాలంతా నవ్వింది. పొడుగాయన నవ్వలేదు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని తెర వైపు ముందుకి వంగారు. ఆ తర్వాత నేను ఆయన వైపు చూడలేదు. వాచీ చూశాను, అమ్మలుని చూశాను. గరాటు కుప్ప, జల్లెడ కుప్ప, అడుగున బరువు గీతలు. మీ పాత పేపరు తప్పు కాదు, సగం అని ఎంత మర్యాదగా చెప్పిందో. పది నిమిషాలకి ఒక గంట కొట్టాను. చప్పుడు సరిగ్గా రాలేదు, చెమట. పదకొండు నిమిషాల యాభై సెకన్లకి థాంక్యూ అంది. రెండో గంట కొట్టాల్సిన పని పడలేదు.

చప్పట్లు. యాభై మూడు మందివి. నేను చప్పట్లు కొడదామంటే చేతిలో గంట.

ప్రశ్నలకి మూడు నిమిషాలు. పొడుగాయన లేచారు. మైకు తీసుకున్నారు. ప్రశ్న అడగలేదు. ఆ ఫొటో తీసిన రోజు సహాయకుడు జల్లెడ పోగొట్టి గరాటుతో పోశాడనీ, మళ్లీ జల్లెడతో ఎన్నిసార్లు చేసినా ఆ గుంట రాలేదనీ, ఫొటో లేకుండా చెబితే ఎవరూ నమ్మరని ఆ ప్రశ్న వదిలేశాననీ నెమ్మదిగా చెప్పారు. ఇక్కడికి ఉత్తరం కూడా రాశాను, దొరకలేదన్నారు అన్నారు. అని ఆగారు.

అప్పుడు లేచాను.

"దొరకలేదని రాసింది నేనేనండి. అబద్ధం రాశాను. అది మా పాప దగ్గరే ఉంది. అప్పుడు దానికి ఒంట్లో బాగోలేదు, తీసుకోలేకపోయాను. తర్వాత భయపడ్డాను."

టేబులు దాటి వెళ్లి స్లైడు ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని పైన లైటుకి ఎత్తి పట్టుకున్నారు. అమ్మలు కిటికీకి పట్టుకున్నట్టే, ఒక కన్ను మూసి.

ఎంతసేపు చూశారో తెలీదు. నేను వాచీ చూడలేదు, జీవితంలో మొదటిసారి.

ఆ తర్వాత ఆయన మెట్లెక్కి స్టేజీ మీదకి వెళ్లారు. మూడో మెట్టు తట్టుకున్నారు. అమ్మలు మళ్లీ మొదటి స్లైడు వేసి, పక్కకి జరిగి పాయింటర్ ఇచ్చింది. ఇది నా పద్దెనిమిదో స్లైడు అని మొదలుపెట్టారు. నిన్ననే ఆపినట్టు, ఆ మాట దగ్గర్నుంచే అందుకున్నారు. ఆ రోజు పరిశోధనశాలలో ఎండ ఎటు పడిందో చెప్పారు. ఆ గుంట చూసి ఇంటికి నడిచి వెళ్తూ దారి తప్పానని చెప్పారు. మధ్యలో అమ్మలు ఒకటి అంది, ఆయన రెండన్నారు, ఇద్దరూ తెర మీద వేళ్లు పెట్టి వాదించుకున్నారు. స్క్రీను ఎర్రగా మెరుస్తోంది. చైర్‌పర్సన్ నా వైపు చూసింది. ఒకసారి, రెండుసార్లు.

నేను గంట లోపలికి వేలు పెట్టి నాలుకని పట్టుకుని కూర్చున్నాను. పొరపాటున కూడా మోగకూడదని.

తొమ్మిది నిమిషాలు. ఎవరూ లేవలేదు. చివర్న, నేను అప్పుడు అన్నది సగమే, మిగతా సగం ఈ అమ్మాయిది, రాసుకోండి అని చైర్‌పర్సన్‌తో అన్నారు. రాసుకునేదాకా ఆగారు. పాయింటర్ అమ్మలుకి తిరిగిచ్చి, కిందికి దిగుతూ నా టేబులు దగ్గర నిలబడ్డారు.

"గంట కొట్టలేదేం?"

"మీ తర్వాత ఎవరూ లేరు సార్. ఇదే ఆఖరు."

ఆ స్లాటు వచ్చిందని ఎంత ఏడ్చానో. పొద్దున పదింటికి పడి ఉంటే తర్వాతి పేపరు కోసం కొట్టాల్సి వచ్చేది. నేను కొట్టేవాణ్ణే. నా సంగతి నాకు తెలుసు.

ఆయన తల ఊపారు. పరవాలేదు అని మాత్రం అనలేదు. స్లైడు చొక్కా జేబులో పెట్టుకుని టీకి వెళ్లారు. అమ్మలు వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని, భుజం మీద తల పెట్టి, ఎన్ని నిమిషాలు పట్టింది నాన్నా అంది. పదకొండు యాభై అన్నాను. నువ్వు ఆ పది సెకన్లు కూడా వాడుకోవాల్సింది అన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి మొత్తం చెప్పాను. ఈసారి ఎన్నిసార్లు చెప్పానో ఆవిడ లెక్కపెట్టలేదు. పైగా మూడో మెట్టు దగ్గర్నుంచి మళ్లీ చెప్పమంది.

జనవరి 23

ఇన్‌ఛార్జ్ ఫోను చేసింది. హాలు సర్దుతుంటే మరిచిపోయిన సామాన్లు దొరికాయట. పెన్ను ఒకటి. గొడుగు ఒకటి. రెండో వరస చివరి కుర్చీలో, బ్యాడ్జీ కవరులో జాగ్రత్తగా పెట్టిన పాత స్లైడు ఒకటి. పెద్దాయన ఉత్తరం రాస్తారేమో, రిజిస్టర్లో ఏమని రాయమంటారు అని అడిగింది.

వెతికాం, దొరకలేదు అని రాయమన్నాను. సంచి తీసుకుని బయల్దేరుతున్నాను.